8 మిల్లీమీటర్ల ఇనుప పట్టీని ఇంట్లో వంచడం

ఇనుప పట్టీని వంచడానికి కావలసిన బలం దాని వెడల్పుతో సమానంగా పెరుగుతుంది గాని, మందంతో వర్గానుపాతంలో పెరుగుతుంది. అంటే మందం రెట్టింపయితే నాలుగింతల బలం కావాలి. 100 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉన్న మామూలు ఎం.ఎస్. ఫ్లాటును (మైల్డ్ స్టీల్ పట్టీని) చల్లగా వంచాలంటే, మీటరు పొడవు పైపు తొడిగి దాని చివర సుమారు 40 కిలోల బలంతో లాగితే గాని అది లొంగడం మొదలుపెట్టదు. అంత బలానికి చిన్న వైస్ (పట్టీని బిగించి పట్టే పరికరం) బల్లతో సహా లేచి వస్తుంది. అదే వంపు గీత వెంట గాడి కోసి 3 మి.మీ. మాత్రమే మిగిల్చితే, అందులో ఏడో వంతు బలం చాలు. మోటారు స్టాండుకో, గేటు బ్రాకెట్‌కో నేను ఈ పద్ధతినే వాడతాను. ఇందులో చివరికి భారం మోసేది వెల్డింగే కనుక, మనుషులు కింద దూరే జాకీ స్టాండు వంటి వాటికి దీన్ని వాడకూడదు.

గాడిని వంపుకు బయటివైపు వచ్చే ముఖం మీద కోయాలి. అప్పుడు వంచేకొద్దీ గాడి నోరు తెరుచుకుని, వెల్డింగ్ లోహం నిండడానికి చోటు ఏర్పడుతుంది. లోపలి ముఖం సాగదు, కుదించుకోదు అనుకోవచ్చు కనుక కొలతలు ఆ వైపే వేసుకోవాలి: లోపల ఒక భుజం 100, మరొకటి 80 మి.మీ. కావాలంటే 180 మి.మీ. ముక్క సరిపోతుంది, బయటి కొలతలో ప్రతి భుజానికీ 8 కలుస్తుంది.

గ్రైండరుకు తగిలించిన కటింగ్ డిస్కుతో ఒకేసారి లోతుకు దిగకుండా, గీత వెంట నాలుగైదు సార్లు తేలికగా నడపాలి. పట్టీ రెండు అంచులలో మిగిలిన మందం కంటికి కనబడుతుంది గాని నడుమ కనబడదు. అందుకే ఒక రేకు ముక్క మీద 5 మి.మీ. దగ్గర గీత గీసి, గాడిలో అక్కడక్కడా దించి చూడాలి. గార్డు తీసేయడం, పలుచని డిస్కును పక్కకు వంచి రుద్దడం ప్రమాదకరం. డిస్కు పగిలితే ముక్కలు నేరుగా ముఖానికే వస్తాయి.

తరువాత పట్టీని రెండు యాంగ్లర్ (L ఆకారపు ఇనుప) ముక్కల మధ్య, గీత వాటి అంచుకు సరిగ్గా వచ్చేలా బిగించి, పైపుతో మెల్లగా లాగాలి. సుత్తి వాడక తప్పకపోతే దెబ్బలు వంపుకు దగ్గరగా పడాలి. చివర కొడితే భుజమే విల్లులా వంగుతుంది. ఎక్కువ వంగిందని వెనక్కి, మళ్లీ ముందుకు వంచితే మిగిలిన 3 మి.మీ. పగుళ్లిస్తుంది.

నా మొదటి బ్రాకెట్ మూలమట్టానికి అతికినట్టు 90 డిగ్రీలు వచ్చింది. సంతోషించి వెల్డింగ్ చేశాను. చల్లారాక చూస్తే భుజాలు విచ్చుకున్నాయి. బయటి గాడిలో నింపిన లోహం చల్లారుతూ కుదించుకుని భుజాలను వెనక్కి లాగుతుంది. కనుక ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే వంచి, రెండు చివర్లా చుక్క వెల్డింగ్ పెట్టి, భుజాల మధ్య అడ్డుగా ఒక ముక్కను బిగించాకే పని సాగించాలి. అడుగు పొరకు 2.5 మి.మీ. రాడ్డు వాడితే పలుచని భాగానికి చిల్లు పడదు. ప్రతి పొర మీదా చిట్టెం (వెల్డింగ్‌పై పేరుకునే పెచ్చు) పూర్తిగా కొట్టి తీశాకే పై పొర వేయాలి. గాల్వనైజ్డ్ పట్టీ అయితే వెల్డింగ్ చేసే చోట జింకు పూతను ముందే గీకి తీసేయాలి. కాలిన జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

వెల్డింగ్ మిషను లేనివారికి కొలిమి ఉంది. గాడి కోయకుండానే, గీత దగ్గర ఎర్రగా కాల్చి వంచి, ఎరుపు తగ్గగానే ఆపి మళ్లీ కాల్చాలి. చల్లారుతూ 200 నుంచి 300 డిగ్రీల మధ్య ఉన్న ఉక్కు పెళుసుగా ఉంటుంది కనుక ఆ వేడిలో వంచరాదు. పూర్తయిన ముక్కను నీళ్లలో ముంచకుండా, పొడి ఇసుక మీద పెట్టి దానంతట అదే చల్లారనివ్వాలి.