ఫోన్‌లో చదివిన మెయిల్ ఫోల్డర్‌లోకి రాకపోతే: నా అనుభవం

సర్వర్ నుంచి కంప్యూటర్‌కి మెయిల్ దింపే ఫెచ్‌మెయిల్ ప్రోగ్రామ్ లాగ్‌లో తప్పేమీ లేదు, అయినా కొన్ని మెయిళ్లు దిగలేదు. రానివన్నీ అప్పటికే ఫోన్‌లో తెరిచినవే. ఐమ్యాప్‌లో (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చదివే పద్ధతి) ఫెచ్‌మెయిల్ దృష్టిలో కొత్త మెయిల్ అంటే సర్వర్‌లో 'సీన్' (చదివారు అనే) గుర్తు పడనిది, అంతే. ఫెచ్‌ఆల్ ఆప్షన్ పెడితే అన్నీ వస్తాయి గానీ, పక్కన సర్వర్‌లో మెయిల్ చెరపకుండా ఉంచే కీప్ కూడా ఉంటే నడిపిన ప్రతిసారీ మొత్తం మళ్లీ దిగుతుంది. దింపిన మెయిళ్లను గుర్తుపెట్టుకునే యూఐడీఎల్ ఆప్షన్ పాప్3 అనే మరో దింపుడు పద్ధతికే పనికొస్తుంది, ఐమ్యాప్‌కి దండగ.

ఇలాంటిదే మరో ప్రోగ్రామ్ గెట్‌మెయిల్‌కి మారాక తీరింది. దింపినవాటి చిట్టా అది తన దగ్గరే రాసుకుంటుంది. ఎవరు ఎక్కడ చదివారో దానికి అనవసరం. సెట్టింగ్ ఫైల్లో రిట్రీవర్ (మెయిల్ తెచ్చే భాగం) రకం సింపుల్‌ఐమ్యాప్‌ఎస్‌ఎస్‌ఎల్‌రిట్రీవర్, పోర్టు 993. ఆప్షన్స్ కింద 'రీడ్_ఆల్ = ఫాల్స్' మరవద్దు. రాయకపోతే ట్రూ అనే లెక్క, అంటే ప్రతిసారీ మొత్తం మళ్లీ దిగే పాత కథే.

తర్వాతి చిక్కు గమ్యం దగ్గర. మెయిల్‌డిర్‌ను (ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఫైలుగా దాచే ఫోల్డర్) గెట్‌మెయిల్ తనంతట తాను సృష్టించదు. ఆ ఫోల్డర్‌లో కర్ (cur), న్యూ (new), టీఎంపీ (tmp) అనే మూడు ఫోల్డర్లూ ముందే చేసిపెట్టి, పాత్ చివర స్లాష్ ఉంచాలి. ఆ ఒక్క గీత లేకపోయినా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పాస్‌వర్డ్ సెట్టింగ్ ఫైల్లోనే ఉంటే దాని అనుమతులు 600కి (యజమాని మాత్రమే చదవగలిగేలా) తగ్గించండి. మొదటిసారి మాత్రం ఇన్‌బాక్స్‌లోని పాత మెయిలంతా దిగుతుంది, కంగారు పడొద్దు.