దారి తప్పినా మతి తప్పకుండా: సమస్యలు - పరిష్కారాలు

అడవిలోనో కొండల్లోనో చిక్కుకున్నవాడికి "ధైర్యంగా ఉండు" అని చెప్పడం సులువే. కానీ ధైర్యం జేబులోంచి తీసి వాడుకునే వస్తువు కాదు. బండి ఆగిపోతే ముందు పెట్రోలు ఉందా, తర్వాత ప్లగ్గు బాగుందా అని చూస్తాం కదా, బుర్ర మొరాయించినప్పుడూ అలాగే చూసుకోవాలి.

పెట్రోలు చెక్ లాంటిది ఇక్కడ కూడా ఒకటుంది. లక్షణం ఏదైనా సరే, ముందు ఒంటి సంగతి చూడండి. చలేస్తోందా? బట్టలు తడిశాయా? నీళ్లు తాగి ఎంతసేపైంది? మనసు పాడైందనుకున్నప్పుడు చాలాసార్లు పాడైంది ఒళ్లే.

1. కాళ్లు ఆగవు

లక్షణం: దారి తప్పామని తెలిసిన మరుక్షణం నడక వేగం పెరుగుతుంది. గుండె దడ, నోరెండిపోవడం. ముళ్లపొదైనా సరే దూరిపోతాం. బ్యాగు వదిలేసి పరుగెత్తేవాళ్లూ ఉంటారు.

కారణం: అడ్రినలిన్, అంటే భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్. జంతువు మీద పడితే తప్పించుకోవడానికి అది బాగా పనికొస్తుంది, మ్యాపు చదవడానికి కాదు. పైగా తిన్నగానే పోతున్నామన్న భ్రమ ఒకటి. యాన్ సౌమన్ అనే పరిశోధకుడి బృందం కొందరిని ఒక జర్మన్ అడవిలోనూ సహారా ఎడారిలోనూ తిన్నగా నడవమని చెప్పి, జీపీఎస్‌తో గమనించి, 2009లో ఫలితాలు ప్రచురించింది. ఎండ ఉన్నప్పుడు బాగానే నడిచారు. మబ్బు పట్టిన రోజు అడవిలో నడిచినవాళ్లు గుండ్రంగా తిరిగారు. కొందరు తాము వచ్చిన దారినే దాటి కూడా ఆ సంగతి గమనించలేదు.

పరిష్కారం: వరద, మంటలు, రాళ్లు పడటం లాంటి ప్రమాదం పక్కనే లేకపోతే కూర్చోండి. నిలబడి ఆలోచిస్తానంటే కుదరదు, నిలబడ్డ కాళ్లు మళ్లీ బయల్దేరతాయి. 4 లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. ఓ పదిసార్లు చేశాక బ్యాగు, జేబులు ఖాళీ చేసి ఒక్కో వస్తువునూ నేల మీద పరచండి, పేరు పైకి చెబుతూ. "సీసా, సగం నీళ్లు. లైటర్. విజిల్. ప్లాస్టిక్ కవరు. బిస్కెట్లు నాలుగు." పిచ్చిపనిలా ఉంటుంది, ఉండనివ్వండి. లెక్క తేలేసరికి చేతుల వణుకు కాస్త సర్దుకుంటుంది, ఏం చేయాలన్న ప్రశ్నకూ ఒక ఆకారం వస్తుంది. మీరు ఎటు వెళ్లారో ఎవరికైనా తెలిసి ఉంటే, ఉన్నచోటే ఉండటం దాదాపు ఎప్పుడూ మేలు.

2. "ఇంకో మలుపు తిరిగితే వచ్చేస్తుంది"

మ్యాపులో ఉన్న వాగు ఎదురుగా కనపడకపోతే మ్యాపే తప్పనిపించడం దీని మొదటి గుర్తు. ముందే గీసుకున్న బొమ్మను బుర్ర అంత తేలిగ్గా వదలదు. వెనక్కి తిరగాలంటే పరువు కూడా అడ్డొస్తుంది. "దారి తప్పాను" అని వినపడేలా పైకి అనేయండి. తర్వాత చెయ్యి చాచి, సూర్యుడికీ నేల అంచుకీ మధ్య వేళ్లు అడ్డంగా పట్టి చూడండి. ఒక్కో వేలికి సుమారు 15 నిమిషాల వెలుగు ఉన్నట్టు. ఎనిమిది వేళ్ల కంటే తక్కువుంటే నడక ఆపి రాత్రికి చోటు చూసుకోండి. చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది.

3. "వదిలెయ్, ఏం కాదులే"

లక్షణం: ఇంతసేపూ హుషారుగా ఉన్న మనిషికి చిరాకు, తర్వాత మొద్దుతనం. మాట ముద్దగా వస్తుంది, జిప్పు పెట్టుకోలేడు, కాలు తడబడుతుంది.

కారణం: ఇది బద్ధకమూ కాదు, పిరికితనమూ కాదు. లోపలి వేడి పడిపోతోంది. 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. ముదిరితే వణుకు ఆగిపోతుంది. కొందరైతే ఉక్కపోస్తోందని బట్టలు విప్పేస్తారు.

పరిష్కారం: ఒక చేతి బొటనవేలిని అదే చేతి చిటికెనవేలికి ఆనించమనండి. ఆనించలేకపోతే మాటలతో హుషారు చేయడం ఆపి, తడి బట్టలు మార్చండి. ఒంటి కింద ఎండుటాకులో బ్యాగో పరచండి. స్పృహ బాగుండి మింగగలిగితే తీపి ఏదైనా పెట్టండి. చేతులూ కాళ్లూ రుద్దకండి.

4. "ఇక ఎవరూ రారు"

అన్నిటిలోకీ మొండిది ఇదే. కారణం సాధారణంగా లెక్కలో ఉంటుంది: "ఇంటికి చేరాలి" అన్నది మరీ పెద్ద పని. లేదంటే "రేపు పొద్దున్నకి వచ్చేస్తారు" అని గడువు పెట్టుకుని ఉంటారు, ఆ పొద్దు దాటగానే డీలా పడిపోతారు.

1985లో పెరూలోని సియులా గ్రాండే పర్వతం మీద జో సింప్సన్ అనే పర్వతారోహకుడు కాలు విరిగి, మంచు పగుల్లో పడి, ఎలాగో బయటపడ్డాడు. క్యాంపు మైళ్ల దూరంలో ఉంది. అతను క్యాంపు గురించి కాకుండా ఎదురుగా కనిపించే ఒక రాయి గురించి ఆలోచించాడు. వాచీ చూసుకుని, 20 నిమిషాల్లో అక్కడికి చేరాలనుకునేవాడు. చేరాక ఇంకో రాయి. అలా పాకుతూ క్యాంపు చేరి బతికాడు.

మీరూ పనిని ముక్కలు చేయండి. చేతనైతే గంట పట్టే పని కూడా పెట్టుకోవద్దు. ఒక చేతినిండా పుల్లలు, ఆ తర్వాత మూడుసార్లు విజిల్, కాస్త విశ్రాంతి, మళ్లీ పుల్లలు. వచ్చేవాళ్లు ఎప్పుడొస్తారో తేదీ మాత్రం వేయకండి.

5. గుంపులో గొడవ

"నీవల్లే ఇలా అయింది" అన్న మాట మొదలైతే తలా ఒక పని అప్పగించండి, తప్పెవరిదో తేల్చడం బయటపడ్డాకే అనండి. అంటార్కిటికా యాత్రకు నాయకుడైన షాకిల్టన్ ఇందులో ఆరితేరినవాడు. 1915లో అక్కడి సముద్రపు మంచు వాళ్ల ఎండ్యూరెన్స్ ఓడను నలిపేశాక, 28 మందిలో సణిగేవాళ్లను ఏరి తన గుడారంలోనే పెట్టుకున్నాడు. సామాను వదిలేయమన్నవాడే, బృందంలోని హస్సీ వాయించే బాంజో అనే తంతి వాయిద్యాన్ని మాత్రం వెంట తెచ్చుకోమన్నాడు. ఆ 28 మందీ బతికారు.

6. పక్కన ఎవరో ఉన్నట్టనిపించడం

ఒంటరితనం, అలసట బాగా ముదిరాక చాలామందికి ఇలా అవుతుంది. 1916లో, అదే యాత్రలో సాయం కోసం సౌత్ జార్జియా దీవి కొండలు దాటుతున్నప్పుడు తాము ముగ్గురం కాదు, నలుగురం ఉన్నట్టనిపించిందని షాకిల్టనే చెప్పాడు. దీనికి రిపేరు అక్కర్లేదు, తోడనుకుని పని కానివ్వండి. ఆ తోడు మిమ్మల్ని చీకట్లో ఎటో నడవమన్నా, స్వెటర్ విప్పేయమన్నా మాత్రం, మూడో సమస్యలో చెప్పినట్టు బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి చూసుకోండి.