హెడ్‌ల్యాంప్ ఆప్టిక్స్‌కి పేటెంట్: దరఖాస్తు విధానం, పరిశీలనలో ఆగిపోయే చోటు

హెడ్‌ల్యాంప్‌కి కొత్త లెన్సో రిఫ్లెక్టరో తయారుచేసి, పేటెంట్ కోసం మధ్యవర్తికి డబ్బు కట్టినవాళ్ళలో కొందరికి కొద్ది నెలల్లోనే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ప్రభుత్వ ముద్ర, కంట్రోలర్ సంతకం అన్నీ ఉంటాయి. ఎవరో నకలు కొట్టాక నోటీసు పంపబోతే అప్పుడు తెలుస్తుంది, చేతిలో ఉన్నది పేటెంట్ కాదు, డిజైన్ రిజిస్ట్రేషన్ అని. రెండూ ఒకే యంత్రాంగం నుంచి వస్తాయి కాబట్టి కాగితం చూసి పోల్చుకోవడం కష్టం. 2000 నాటి డిజైన్ల చట్టం కంటికి కనిపించే రూపాన్ని మాత్రమే కాపాడుతుంది. వెలుతురు ఎక్కడ వంగుతోంది, వెలుతురుని పైన తెగ్గోసే కటాఫ్ గీత ఎలా ఏర్పడుతోంది, ఎదుటి డ్రైవర్ కళ్ళలో ఎందుకు పడటం లేదు అన్న పనితనానికి రక్షణ 1970 పేటెంట్ల చట్టం కిందే దొరుకుతుంది. "ఆప్టికల్ డిజైన్" అన్న మాటలో డిజైన్ ఉంది కదా అని ఆ దరఖాస్తు వేసేస్తారు, అంతే.

నంబర్ చూస్తే తేడా తెలిసిపోతుంది. పేటెంట్ దరఖాస్తు నంబర్‌లో 12 అంకెలుంటాయి. మొదటి నాలుగు సంవత్సరం, ఐదోది ఆఫీసు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి, దాని అంకె 4. డిజైన్ నంబర్ ఆరంకెలు, పక్కన గీత, తరవాత 001 అన్నట్టుంటుంది. నంబర్ చేతికి రాగానే ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో దరఖాస్తు స్టేటస్ మీరే చూసుకోండి, దానికి రుసుమేమీ లేదు. ల్యాంప్ రూపం కూడా కొత్తదైతే డిజైన్ దరఖాస్తు విడిగా వేసుకోవచ్చు, తప్పులేదు. అది పేటెంట్‌కి బదులు మాత్రం కాదు.

దరఖాస్తు దాఖలు చేయడం పెద్ద కష్టమేం కాదు. ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరణ), ఫారం 3 విదేశీ దరఖాస్తుల వివరం, ఫారం 5 ఆవిష్కర్తల ప్రకటన. ఏజెంట్ ఉంటే ఫారం 26. స్టార్టప్, చిన్న సంస్థ, విద్యాసంస్థ అయితే తక్కువ ఫీజు కోసం ఫారం 28. వ్యక్తులకి, ఈ మూడు వర్గాలకి ఆన్‌లైన్‌లో దాఖలు ఫీజు రూ.1,600, మిగతా వాళ్ళకి రూ.8,000. పరిశీలన కోరే ఫారం 18 కి రూ.4,000, మిగతా వాళ్ళకి రూ.20,000. ప్రభుత్వానికి వెళ్ళేది ఇది. దీనికి పైన అడిగేదంతా వృత్తి రుసుము, దానికి విడిగా రశీదు అడగండి. ఏజెంట్ పేరు రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో కూడా అదే వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. స్టార్టప్‌ల కోసం కేంద్రం పెట్టిన ఎస్‌ఐపీపీ పథకం కింద ఫెసిలిటేటర్ రుసుము ప్రభుత్వమే ఇస్తుంది, దరఖాస్తుదారు చట్టబద్ధమైన ఫీజు కడితే చాలు. "గ్రాంట్ గ్యారంటీ" అని ఎవరన్నా నమ్మకండి. ఆ నిర్ణయం కంట్రోలర్‌ది.

ఫారం 1 లో ఈమెయిల్ గడి ఒక్కటి మీరే చూసి నింపించండి. అభ్యంతరాల లేఖ దానికే వస్తుంది. అక్కడ మధ్యవర్తి మెయిల్ ఒక్కటే ఉండి, అతను ఫోన్ ఎత్తడం మానేస్తే దరఖాస్తు మీకు తెలియకుండానే చచ్చిపోతుంది.

దరఖాస్తు వేస్తే పరిశీలన దానంతట అదే మొదలవదు. ఫారం 18 వేయాలి. 2024 మార్చి 15న, ఆ తరవాత వేసిన దరఖాస్తులకి ప్రయారిటీ తేదీ (ఈ ఆవిష్కరణకి మొదటి దరఖాస్తు వేసిన తేదీ) నుంచి 31 నెలల గడువు. అంతకుముందు 48 నెలలుండేది, పాత లెక్క గుర్తుపెట్టుకుని ధీమాగా ఉన్నవాళ్ళు దెబ్బతింటున్నారు. గడువు దాటితే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే లెక్క. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, ప్రభుత్వ ఆధీనంలోని లేదా ప్రధానంగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలు, దరఖాస్తుదారుల్లో కనీసం ఒక మహిళ ఉన్న వ్యక్తులు ఫారం 18ఏ వేసి త్వరిత పరిశీలన కోరవచ్చు. దరఖాస్తు ఇంకా ప్రచురణ కాకపోతే దాంతో పాటు ముందస్తు ప్రచురణ కోరే ఫారం 9 కూడా వేయాలి.

దాఖలు చేసేదాకా ల్యాంప్‌ని ఎగ్జిబిషన్‌లో పెట్టకండి, వీడియో తీసి నెట్‌లో పెట్టకండి. వాహన కంపెనీకి నమూనా చూపించాల్సి వస్తే ముందు గోప్యత ఒప్పందం మీద సంతకాలు కావాలి. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి గానీ అవి ఇరుకైనవి, వాటి మీద ఆధారపడి పని మొదలుపెట్టవద్దు.

ఇక అసలు ఇబ్బంది ఫారం 2 దగ్గర. కంప్లీట్ స్పెసిఫికేషన్.

హెడ్‌ల్యాంప్ దరఖాస్తులు పోయేది ఎక్కువగా ఇక్కడే, అదీ దాఖలు చేసిన రోజునే పోతాయి. బయటపడేది మాత్రం పరిశీలన నివేదిక వచ్చాక. కారణం సెక్షన్ 59. దాఖలు చేశాక క్లెయిమ్‌ని (దేనికి రక్షణ కోరుతున్నారో దాని హద్దు చెప్పే వాక్యాన్ని) కుదించుకోవచ్చు, వివరణ ఇవ్వవచ్చు, తప్పు దిద్దవచ్చు. మొదట రాయని విషయాన్ని కొత్తగా చేర్చడం మాత్రం కుదరదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రొజెక్టర్ ల్యాంప్‌లో ఎలిప్సాయిడ్ రిఫ్లెక్టర్ మొదటి నాభి దగ్గర ఎల్‌ఈడీ, రెండో నాభి దగ్గర కొంత వెలుతురుని అడ్డుకునే షీల్డ్ అంచు, లెన్స్ నాభి కూడా అక్కడే. లెన్స్ పాలీకార్బొనేట్‌ది అనుకోండి. నీలం ఎరుపు కంటే ఎక్కువ వంగుతుంది కాబట్టి, లెన్స్ కింది భాగం నుంచి వచ్చే కిరణాల్లో నీలం కటాఫ్ గీత దాటి పైకి వెళ్తుంది. గీత పైన నీలి అంచు కనిపిస్తుంది. దాన్ని తగ్గించడానికి ఒకరు లెన్స్ కింది భాగంలో సన్నని అలల్లాంటి గాట్లు పెట్టారు. పని చేసింది. క్లెయిమ్ ఇలా రాశారు: "లెన్స్ ఉపరితలం మీద సూక్ష్మ నిర్మాణాలు ఉండి, కటాఫ్ అంచున రంగును తగ్గించే వాహన హెడ్‌ల్యాంప్."

పరిశీలకుడు వెతికితే సూక్ష్మ నిర్మాణాలున్న లెన్స్ పాత పత్రాల్లో దొరుకుతుంది. ఈ రంగంలో కోయిటో, స్టాన్లీ, వాలియో, జెడ్‌కేడబ్ల్యూ లాంటి సంస్థల పత్రాలు కుప్పలుగా ఉన్నాయి. అప్పుడు దరఖాస్తుదారు "మావి కింది మూడో వంతులోనే ఉంటాయి, లోతు ఇంత, దూరం ఇంత, అందుకే వెలుతురు నష్టపోకుండా రంగు తగ్గుతుంది" అంటారు. నిజమే కావచ్చు. ఆ మాట స్పెసిఫికేషన్‌లో ఏ పేజీలో ఉందని అడిగితే జవాబు లేదు. చేర్చుకునే దారీ లేదు. మంచి ఆవిష్కరణలు ఇలా పోవడం చూస్తే బాధనిపిస్తుంది, ఒక్క పేజీ పట్టిక ఉంటే నిలబడేవి.

అదే విషయాన్ని మొదటి రోజే మెట్లు మెట్లుగా రాయాలి. గాట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఆప్టికల్ అక్షం నుంచి కొలత చెప్పాలి. లోతుకి ఒక విస్తృత శ్రేణి, దాని లోపల మెరుగైన శ్రేణి, చివరికి మీరు నిజంగా అచ్చు తీసిన విలువ. ఉదాహరణకి 3 నుంచి 20 మైక్రాన్లు, మెరుగ్గా 5 నుంచి 12, నమూనాలో 8. మొదటిది పాత పత్రంతో పోయినా రెండో మెట్టు మీద నిలబడవచ్చు. ఆ శ్రేణి కంటే తక్కువైతే ఏమవుతుంది, ఎక్కువైతే ఏమవుతుంది అన్నది కూడా రెండు వాక్యాల్లో రాయండి. ఆవిష్కరణ దశ (నిపుణుడికి తేలిగ్గా తట్టని ముందడుగు) ఉందా లేదా అన్న వాదన వచ్చినప్పుడు పట్టుకునేది ఆ రెండు వాక్యాలనే.

ఉపరితలం సంగతీ అంతే. "ఫ్రీఫాం ఉపరితలం" అని రాసి వదిలేస్తే సెక్షన్ 10(4) కింద వివరణ చాలదన్న అభ్యంతరం వస్తుంది, ఎందుకంటే నిపుణుడు దాన్ని చదివి లెన్స్ తయారుచేయలేడు. క్యాడ్ ఫైల్ జతచేసి వివరణ అయిపోయిందనుకోకండి, విషయం స్పెసిఫికేషన్‌లోనే ఉండాలి. వక్రతా వ్యాసార్ధం, కోనిక్ స్థిరాంకం, ఆస్ఫెరిక్ గుణకాలు పట్టికలో పెట్టండి. సమీకరణంతో చెప్పలేని ఉపరితలమైతే బిందువుల పట్టిక. మూలబిందువు ఎక్కడ, ఏ అక్షం ఎటు, ధన దిశ ఏది అన్నది పట్టికకి ముందే రాయాలి. పదార్థం, దాని వక్రీభవన గుణకం, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచినదో కూడా చెప్పాలి. పాలీకార్బొనేట్‌ది 1.58 ప్రాంతం, ఆక్రిలిక్‌ది 1.49 ప్రాంతం. గుణకం రాయకుండా "పారదర్శక ప్లాస్టిక్" అంటే పట్టికలో ఉన్న వ్యాసార్ధానికి అర్థమే లేదు.

పేజీలు పెరిగితే ఫీజు పెరుగుతుందని ఈ పట్టికలు తీసేయించేవాళ్ళున్నారు. 30 పేజీలు దాటాక వ్యక్తులకి, చిన్న సంస్థలకి పేజీకి రూ.160. పది పేజీల పట్టికకి రూ.1,600 అవుతుంది. ఆ డబ్బు మిగుల్చుకుని దరఖాస్తు పోగొట్టుకోవడం దేనికి? పొదుపు చేయాలనుంటే క్లెయిమ్‌ల సంఖ్యలో చేయండి, పది దాటాక ఒక్కోదానికి రూ.320.

బొమ్మల్లో దొర్లే తప్పు ఇంకొకటుంది. లెన్స్ బింబాన్ని తలకిందులుగానూ కుడి ఎడమలుగానూ తిప్పుతుంది. మన దగ్గర ఎడమ వైపు నడుపుతాం కాబట్టి లో బీమ్ గీత ఎడమ వైపు పైకి లేవాలి. అంటే డ్రైవర్ వైపు నుంచి చూస్తే షీల్డ్ అంచు కుడి వైపు కిందికి దిగాలి. విదేశీ పత్రంలోని బొమ్మ చూసి గీసినప్పుడు షీల్డ్ ఒక దేశానిది, వెలుతురు నమూనా ఇంకో దేశానిది అయిపోతుంది. వివరణకీ బొమ్మకీ పొంతన లేదన్న అభ్యంతరం వెంటనే పడుతుంది. ప్రతి బొమ్మకీ ఏ వైపు నుంచి చూస్తున్నామో వివరణలో రాయండి. వెలుతురు నమూనాని 25 మీటర్ల దూరంలోని తెర మీద సమాన తీవ్రత గీతలుగా గీయండి. ఆ దూరంలో 1 శాతం వంపు అంటే 25 సెంటీమీటర్లు కిందికి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రంగుల పటాన్ని అలాగే అతికిస్తే నలుపు తెలుపులో అంతా ఒకే బూడిద మచ్చ అవుతుంది. బొమ్మ మీద వివరణ మాటలు రాయకూడదు, సూచిక అంకెలే ఉండాలి.

ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) స్పెసిఫికేషన్ వేసి 12 నెలల్లో కంప్లీట్ వేసే వెసులుబాటు ఉంది. రెండు పేజీల ఆలోచన రాసి ప్రొవిజనల్ వేస్తే ఆ తేదీ ఆ రెండు పేజీల విషయానికే వర్తిస్తుంది. గాట్ల లోతు కంప్లీట్‌లో కొత్తగా వస్తే దాని తేదీ కంప్లీట్ వేసిన రోజే. మధ్యలో ల్యాంప్ బయట చూపించి ఉంటే మీ ల్యాంపే మీకు అడ్డొస్తుంది.

రాసే ముందు పాత పేటెంట్ పత్రాలు ఒకసారి వెతకండి. అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణలో హెడ్‌ల్యాంప్‌లది ఎఫ్21ఎస్ 41. అందులో 41/20 లెన్సులు, 41/30 రిఫ్లెక్టర్లు, 41/40 షీల్డులు, 41/60 మారే వెలుతురు నమూనాలు. 2018 కి ముందు పత్రాలు ఎక్కువగా ఎఫ్21ఎస్ 8/10 కింద ఉంటాయి, దాన్ని వదిలేసి "ఏమీ దొరకలేదు" అనుకోవద్దు. లైట్ల అమరిక, డిమ్మింగ్ లాంటివి బీ60క్యూ 1 లో ఉంటాయి.

పరిశీలన నివేదిక, అంటే ఎఫ్‌ఈఆర్, వచ్చిందంటే దరఖాస్తు తిరస్కరించారని కాదు. దాదాపు అందరికీ వస్తుంది, కంగారు పడొద్దు. "ఇది ఆపాలంటే లోపల మాట్లాడాలి, ఇంత అవుతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే పట్టించుకోవద్దు. జవాబుకి నివేదిక పంపిన తేదీ నుంచి 6 నెలలు. చాలకపోతే ఫారం 4 తో 3 నెలలు అడగవచ్చు, కానీ ఆ 6 నెలలు పూర్తికాక ముందే వేయాలి. జవాబు ఇవ్వకపోతే సెక్షన్ 21 కింద వదిలేసుకున్నట్టు లెక్కిస్తారు.

ఈ రంగంలో తరచు వచ్చేవాటిలో సెక్షన్ 3(ఎఫ్) ఒకటి. తెలిసిన పరికరాలని పక్కపక్కన అమర్చారు, దేని పని అది చేస్తోంది అని. "మా అమరిక కొత్తది" అంటే సరిపోదు. షీల్డ్ పై అంచు ఏటవాలుగా ఉండటం వల్ల తిరిగొచ్చే కాంతి లెన్స్‌లోని ఫలానా భాగం మీదే పడుతోంది, ఆ భాగం వంపు దానికి తగ్గట్టే ఉంది అన్నట్టుగా, ఒకటి లేకపోతే రెండోది పనిచేయదని చూపించాలి. కెమెరాతో ఎదుటి వాహనాన్ని గుర్తించి ఎల్‌ఈడీలు ఆర్పే ల్యాంపులకి 3(కె) వస్తుంది, అల్గారిథమ్ అని. క్లెయిమ్‌ని ఏ ఎల్‌ఈడీ ఆరితే ఏ కోణంలో చీకటి పడుతుందో ఆ ఆప్టికల్ నిర్మాణానికి కట్టేయండి. ఉపరితల సమీకరణం లెన్స్‌ని వర్ణించడానికి వాడితే సమస్య తక్కువ. లెక్క కట్టే పద్ధతినే క్లెయిమ్ చేస్తే అభ్యంతరం ఖాయం.

"సుమారు", "తగిన", "గ్లేర్ లేని" లాంటి మాటలకి స్పష్టత లేదంటారు. గ్లేర్ లేకపోవడం ఫలితం. దాన్ని తెచ్చే నిర్మాణాన్ని రాయాలి.

వాహనాలని పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ పరీక్ష పాసైన కాగితం జతచేస్తే చాలనుకునేవాళ్ళున్నారు. ప్రమాణానికి సరిపోవడం వేరు, కొత్తదనం వేరు. దానికంటే అదే ఎల్‌ఈడీ, అదే ల్యూమెన్లతో మీ నిర్మాణం ఉన్నప్పుడు, లేనప్పుడు ఎదుటి డ్రైవర్ కంటి స్థానంగా లెక్కించే బీ50 బిందువు దగ్గర ఎంత తీవ్రత పడిందో రెండు గళ్ళ పట్టిక ఎక్కువ పనికొస్తుంది. ఆ ప్రయోజనం స్పెసిఫికేషన్‌లో ప్రస్తావించి ఉండాలి సుమా.

జవాబు తరవాత కూడా అభ్యంతరాలు మిగిలితే హియరింగ్ పెడతారు, వీడియోలోనే హాజరు కావచ్చు. లెన్స్ రూపొందించిన ఇంజనీర్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. హియరింగ్ అయ్యాక రాతపూర్వక వాదన 15 రోజుల్లో పంపాలి. అక్కడ మాట్లాడాం కదా అని ఊరుకుని ఓడిపోయినవాళ్ళున్నారు.

గ్రాంట్ వచ్చాక రెన్యూవల్ ఉంటుంది, దాన్ని దరఖాస్తు తేదీ నుంచి లెక్కేసి మూడో సంవత్సరం మొదలుకొని కట్టాలి. పరిశీలన జరుగుతుండగా గడిచిపోయిన సంవత్సరాల బకాయి రిజిస్టర్‌లో నమోదైన తేదీ నుంచి 3 నెలల్లో ఒకేసారి కట్టాలి. తప్పితే అదనపు రుసుముతో ఇంకో 6 నెలల దాకా పొడిగింపు దొరుకుతుంది.