జంతువుల బాధ చూడలేనివాళ్లు 'స్ట్రే డాగ్' సినిమా ఎలా చూడాలి?

అకిరా కురోసావా 1949లో తీసిన ఈ నలుపు తెలుపు సినిమాలో మురకామి అనే కుర్ర డిటెక్టివ్ పిస్టల్‌ని బస్సులో ఎవరో కొట్టేస్తారు. మండుటెండలో టోక్యో అంతా తిరిగి దాన్ని వెతకడమే కథ. మురకామిగా నటించిన తోషిరో మిఫునే కోసమైనా చూడాల్సిన సినిమా. చిక్కల్లా మొదట్లోనే ఉంది: టైటిల్స్ పడుతున్నంతసేపూ తెర నిండా ఒక కుక్క, నాలుక వేలాడేసి రొప్పుతూ కనిపిస్తుంది.

1. ఆ కుక్క టైటిల్స్ వరకే ఉంటుందని గుర్తుపెట్టుకోండి. తర్వాత 'పిచ్చికుక్క' అనే మాట వచ్చినా అది హంతకుడి గురించే.

2. టెన్షన్‌గా ఉంటే ఆ భాగం దాటించేయండి. పిస్టల్ పోయిందని మురకామి పైఅధికారికి చెప్పే సీన్ దగ్గర ఆపితే చాలు, కథలో ఏమీ పోదు. వేడినీ కసినీ ఒకే షాట్‌లో చూపించే ఆరంభం మాత్రం పోతుంది.

3. చూసే ముందే తెర వెనక సంగతి తెలుసుకోండి. చంపేయడానికి ఉంచిన వీధికుక్కల్లోంచి దాన్ని తెచ్చుకున్నామని కురోసావా ఆత్మకథలో రాశాడు. మొహం మరీ సాధువుగా ఉందని మేకప్ వేశారట, రొప్పడం కోసం సైకిల్ పక్కన పరిగెత్తించారట. అప్పుడు జపాన్ అమెరికా సైన్యం చేతిలో ఉంది. జంతు సంరక్షణ సంఘానికి చెందిన ఒక అమెరికన్ మహిళ ఆ షాట్ చూసి, కుక్కకి రేబిస్ ఎక్కించారని ఆరోపించింది. కురోసావా వాంగ్మూలం ఇచ్చుకోవాల్సి వచ్చింది. జపాన్ యుద్ధంలో ఓడిపోయినందుకు అంతగా బాధపడింది అప్పుడేనని కూడా రాసుకున్నాడు. రేబిస్ మాట అబద్ధమే. అయినా షాట్ కోసం కుక్కని ఆయాసపడేలా పరిగెత్తించడం చిన్న విషయమని నేననను. ఇది తెలిశాక చూడాలో వద్దో మీరే తేల్చుకోండి.

4. 'ఏ జంతువుకీ హాని జరగలేదు' అనే ప్రకటన కోసం వెతకొద్దు. అది హాలీవుడ్‌లో తర్వాతి కాలంలో వచ్చిన అలవాటు. పాత జపాన్ సినిమాల్లో ఆ మాట లేనంత మాత్రాన హాని జరిగిందనీ కాదు, జరగలేదనీ కాదు.

5. వేరే పాత సినిమాలకైతే, సినిమాలో కుక్క చనిపోతుందా లాంటి ప్రశ్నలకి జవాబులు చెప్పే 'డజ్ ది డాగ్ డై' వెబ్‌సైట్‌లో సినిమా పేరు కొట్టి చూడండి. అక్కడ జవాబులు ప్రేక్షకులు ఇచ్చినవే. కాబట్టి అవును, కాదు దగ్గర ఆగకుండా కింద రాసిన వివరం కూడా చదవండి. పిల్లలతో చూసేటప్పుడైతే మొదటి పది నిమిషాలు మీరొక్కరే ముందుగా చూసేయండి.