కొత్త కోల్డ్ రూమ్‌కి లీకేజీ టెస్ట్, వ్యాక్యూమ్, గ్యాస్ చార్జింగ్ ఎలా చేయాలి?

ఎండలు ముదిరేసరికి విజయవాడలో స్వీట్ షాపులవాళ్లు, ఐస్‌క్రీమ్ డీలర్లు, చేపల వ్యాపారులు అందరూ ఒక్కసారే కోల్డ్ రూమ్ పెట్టించుకుంటారు. పైపులకు బ్రేజింగ్ (వేడితో అతుకులు వేయడం) అయిందో లేదో, "రేపు సరుకు దిగుతుంది, ఈ రాత్రికే గ్యాస్ ఎక్కించేయండి" అంటారు. మెకానిక్ ఇక్కడ మొహమాటపడకూడదు. లీకేజీ టెస్టుకి ఒక రాత్రి, వ్యాక్యూమ్‌కి (పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగేయడానికి) మర్నాడు ఒక పూట అడిగి తీసుకోవాలి. అది దక్కని యూనిట్ రోహిణి కార్తెలో, లోపల నిండా సరుకున్నప్పుడు ఆగిపోతుంది.

ఇది ఆర్-404ఏ గ్యాస్‌తో నడిచే చిన్న కోల్డ్ రూమ్ సంగతి. అమోనియా ప్లాంట్ల పద్ధతి వేరు. పని చేయాల్సింది శిక్షణ ఉన్న మెకానిక్కే. యజమాని మాత్రం ఏం జరుగుతోందో తెలుసుకుని పక్కన ఉండటం మంచిది.

లీకేజీ టెస్ట్

దీనికి పొడి నైట్రోజన్ ఒక్కటే వాడాలి. ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలుతుంది, ప్రాణాలు పోతాయి. గాలి కంప్రెసర్ కూడా వద్దు, దానితోపాటు తేమ లోపలికి పోతుంది. నిండు నైట్రోజన్ సిలిండర్లో 2000 పీఎస్ఐ దాటి ప్రెజర్ ఉంటుంది కాబట్టి రెగ్యులేటర్ లేకుండా కలపొద్దు. గది తలుపులు తెరిచి ఉంచాలి.

ముందు సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) తెరవండి. అది మూసుకుని ఉంటే అవతలి పైపుకి టెస్టూ అందదు, తర్వాత వ్యాక్యూమూ అందదు. ప్రెజర్ ఒకేసారి ఎక్కించకుండా 50 దగ్గర ఒకసారి, 150 దగ్గర ఒకసారి ఆగి, ప్రతి జాయింటుకీ, ఫ్లేర్ నట్టుకీ (పైపు చివర బిగించే నట్టు) సబ్బు నురగ రాయండి. పెద్ద లీకైతే బుడగ వెంటనే ఉబ్బుతుంది. చిన్నదైతే రెండు మూడు నిమిషాలకు నట్టు అంచున తెల్లటి సన్న నురగ పేరుకుంటుంది. అద్దం, టార్చి పెట్టి పైపు వెనక వైపు కూడా చూడాలి. చివరి ప్రెజర్ నేమ్‌ప్లేట్ మీద ఉన్నదాన్ని దాటకూడదు. లో సైడ్‌కి (కంప్రెసర్ గ్యాస్ పీల్చుకునే సక్షన్ వైపు), హై సైడ్‌కి (కంప్రెసర్ గ్యాస్ తోసే వైపు) హద్దులు వేరని మరవొద్దు.

తర్వాత సిలిండర్ విప్పేసి, ప్రెజర్‌తోపాటు అప్పటి ఉష్ణోగ్రత కూడా రాసి పెట్టుకోండి. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 250 పీఎస్ఐ చూపిన గేజ్, తెల్లవారుజామున 27 డిగ్రీలకు లీకేజీ ఏమీ లేకపోయినా దాదాపు 239 చూపుతుంది. అది చూసి టెన్షన్ పడక్కర్లేదు. అంతకంటే బాగా పడితేనే మళ్లీ సబ్బు నీళ్లు తీయండి.

వ్యాక్యూమ్

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పంపు అరగంట తిప్పి, మామూలు గేజ్ ముల్లు 30 అంగుళాలకి చేరగానే ఆపేస్తారు. ఆ గేజ్ మీద ఒక్క అంగుళం అంటే 25,400 మైక్రాన్లు (లోపల మిగిలిన ప్రెజర్‌ని చెప్పే చాలా చిన్న కొలత). మనకు కావాల్సింది 500 లోపు. అంత చిన్న తేడా ఆ ముల్లు చూపలేదు, మైక్రాన్ గేజ్ ఉండాల్సిందే. గేజ్‌ని పంపు దగ్గర కాకుండా దూరంగా, సిస్టం వైపు పెట్టాలి.

పంపు ఆయిల్ కొత్తది పోయండి. పిన్ వాల్వులు తీసేసి, లావు గొట్టాలతో రెండు వైపుల నుంచీ లాగండి. కృష్ణ ఒడ్డున వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, ఈ గ్యాస్‌తో కంప్రెసర్లో వాడే పీఓఈ అనే సింథటిక్ ఆయిల్ ఆ తేమను గట్టిగా పీల్చేస్తుంది. మైక్రాన్లు ఎంతకీ దిగకపోతే పొడి నైట్రోజన్ కొద్దిగా వదిలి మళ్లీ లాగండి.

500 దిగాక వాల్వు మూసి, పంపు ఆపి గేజ్‌ని గమనించండి. అంకె కొంత పెరిగి ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉన్నట్టు. ఆగకుండా పెరుగుతూనే పోతే లీకేజీ. ఈ దశలో పొరపాటున కూడా కంప్రెసర్ ఆన్ చేయొద్దు, మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టొద్దు, వైండింగ్ కాలిపోతుంది.

వ్యాక్యూమ్ బదులు కాస్త గ్యాస్ వదిలి గాలిని బయటకు తోసేయడం చాలా చెడ్డ అలవాటు. తేమ లోపలే ఉండిపోతుంది. పైగా ఆర్-404ఏ కిలో గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

చార్జింగ్

ఆర్-404ఏ మూడు గ్యాసుల మిశ్రమం కాబట్టి ద్రవంగానే తీయాలి, లేదంటే పాళ్లు మారిపోతాయి. సిలిండర్‌ని కాటా మీద పెట్టి, కంప్రెసర్ ఆపి ఉండగానే లిక్విడ్ లైన్‌లోకి ఎక్కించండి. తీసుకోవడం ఆగిపోతే యూనిట్ నడిపి, మిగతాది సక్షన్ వైపు నుంచి కొద్దికొద్దిగా వదలండి. ద్రవం నేరుగా కంప్రెసర్లోకి పోతే వాల్వులు విరుగుతాయి.

సైట్ గ్లాసులో (లిక్విడ్ లైన్ లోపల చూసే చిన్న గాజు కిటికీ) బుడగలు కనిపించగానే ఇంకా ఇంకా పోయొద్దు. గది వేడిగా ఉన్నంతసేపు అవి సహజం. గది చల్లబడ్డాక సూపర్ హీట్ (గ్యాస్ పూర్తిగా ఆవిరయ్యాక ఇంకా పెరిగిన ఉష్ణోగ్రత) కొలవండి, సాధారణంగా ఎవాపరేటర్ (గది లోపల చల్లబరిచే కాయిల్) చివర 5 నుంచి 7 డిగ్రీలు ఉండాలి.

చివరగా సర్వీస్ వాల్వుల మూతలు బిగించి, డిటెక్టర్‌తో ఇంకోసారి తిరిగి చూడండి. గ్యాస్ పేరు, ఎక్కించిన బరువు, తేదీ ఒక స్టిక్కర్ మీద రాసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించండి.