ఫిజియో క్లినిక్ పెడుతున్నారా? ముందు మీ మీద మీరే ఓ కన్నేసి ఉంచండి

ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) అయిపోగానే విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఓ గది అద్దెకు తీసుకుని, కరెంటుతో నొప్పి తగ్గించే ఐఎఫ్‌టీ మెషీన్, చికిత్సకి వాడే అల్ట్రాసౌండ్, రెండు బల్లలు వేసుకుని మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో మన వృత్తి కూడా ఉంది. రాష్ట్ర కౌన్సిల్, రిజిస్టరు, నడవడిక చూసే ఎథిక్స్ బోర్డు ఉండాలని అందులోనే ఉంది. మన మంచిచెడ్డలు తేల్చేచోట మనవాళ్లూ కూర్చుంటారు, కానీ అది ఉన్నది పేషెంట్ కోసం. ఫిజియోల సంఘం మెంబర్‌షిప్ కార్డును రిజిస్ట్రేషన్ లాగా గోడకి తగిలించకండి, రెండూ వేరు.

అయినా ఏ బోర్డువాళ్లూ రోజూ వచ్చి మీ గదిలో కూర్చోరు కదా. కర్టెన్ వేశాక అక్కడ ఉండేది మీరూ, పేషెంటూ. అందుకే మొదటి సిట్టింగ్‌లోనే కేస్ షీట్ రాయండి. పేస్‌మేకర్ ఉందా, లోపల ప్లేట్లు, రాడ్లు ఉన్నాయా, గర్భమా, క్యాన్సర్ వచ్చిందా, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, ఇవన్నీ అడగకుండా మెషీన్ స్విచ్ మీద చెయ్యి పెట్టొద్దు.

కొత్తలో నేను ఒక క్లినిక్‌లో పనిచేసేటప్పుడు షుగర్ ఉన్న ఓ పెద్దావిడ కాలికి హాట్ ప్యాక్ పెట్టాను. "వేడి ఎక్కువైతే చెప్పండమ్మా" అన్నాను. "బానే ఉంది నాయనా" అంది. పావుగంటయ్యాక తీస్తే చీలమండ దగ్గర బొబ్బ. ఆ కాలికి స్పర్శే లేదు, నేను చూడనే లేదు. ఇంట్లోవాళ్లకి చెప్పొద్దన్నారు క్లినిక్ వాళ్లు, నేనూ నోరు మూసుకున్నాను. మూడో రోజు వాళ్లబ్బాయి ఫోన్లో ఫోటో చూపిస్తే తలెత్తలేకపోయాను. షుగర్ కాలి పుండు ఎందాకా పోతుందో మనకి తెలియనిది కాదు.

కాబట్టి వేడి పెట్టేముందు రెండు టెస్ట్ ట్యూబులు తీసుకుని ఒకదాంట్లో వేడినీళ్లు, ఇంకోదాంట్లో చన్నీళ్లు పోయండి. మీ చేతి మీద ముందు చూసుకుని, పేషెంట్‌ని కళ్లు మూసుకోమని, వరస మార్చి మార్చి ఆనించి ఏది వేడో ఏది చల్లనో అడగండి. తడబడితే ఆ చోట వేడి పెట్టొద్దు. సరిగ్గా చెప్పినా టవల్ మడతలు వేసి, ఐదు నిమిషాలకోసారి ఎత్తి చర్మం చూడండి. ఏదైనా తేడా వస్తే ఆపేసి, ఇంట్లోవాళ్లకి చెప్పి, షీట్‌లో రాసి, ఆరోజే డాక్టర్ దగ్గరికి పంపాలి.

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి ఒక పిక్కే వాచి వెచ్చగా ఉంటే మసాజ్ అసలు వద్దు, రక్తం గడ్డ కట్టిందేమో చూపించమనండి.

డబ్బు సంగతికొస్తే, పేషెంట్‌ని పంపినందుకు డాక్టర్‌కి కమీషన్ ఇవ్వకండి, ముప్పై సిట్టింగులకు ముందే కట్టించుకోకండి. మోకాలు ఎంత వంగుతోందో కీలు కోణం కొలిచే గోనియోమీటర్‌తో చూసి మొదటిరోజు రాసుకుంటే, పది సిట్టింగులయ్యాక అదే కొలత మార్పు ఉందో లేదో చెబుతుంది. ఆడవాళ్లకి చేసేటప్పుడు ఎక్కడ చెయ్యి వేస్తారో, ఎందుకో ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టండి. హోమ్ విజిట్ అయితే ఇంట్లోవాళ్లని గదిలోనే ఉండమనండి. నష్టం జరిగితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చని గోడ మీద రాసిపెట్టడానికి భయమెందుకు?

ఇంకొకటి, నెలకోసారి మరో ఫిజియోతో ఐదు కేస్ షీట్లు, పేర్లు కనబడకుండా, మార్చుకోండి. నావి గుంటూరులో ఉండే మిత్రుడు చూస్తాడు. పోయిన నెల ఒక షీట్ పక్కకి తీసి, "షుగర్ అని రాశావు, స్పర్శ చూసినట్టు ఎక్కడా లేదేంటి?" అని అడిగాడు. ఆ సాయంత్రమే పేషెంట్‌కి ఫోన్ చేసి, మళ్లీ రమ్మని, చూసి రాశాను.