దసరాకు కథల ఈబుక్ పెట్టే ముందు

విశాఖలో కొందరు కథకులు దసరాకు తమ కథలను ఈబుక్‌గా అమ్మకానికి పెట్టాలనుకుంటున్నారు. అప్‌లోడ్ నొక్కే ముందు ఇవి చూసుకోండి.

హక్కులు మీవేనా? అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. పత్రికలో వచ్చిన కథ, పోటీకి పంపిన కథ అయితే అప్పటి నిబంధనలు, సంతకం చేసిన కాగితాలు వెతికి చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తేనే హక్కు బదిలీ అవుతుంది. గడువు రాయకపోతే అయిదేళ్లుగా లెక్క. ఒక్క కథ వల్ల సంపుటి మొత్తం వెనక్కి తీసుకోవాల్సి రావచ్చు.

అమెజాన్ ఈబుక్ పథకం కిండిల్ సెలెక్ట్‌లో (కేడీపీ సెలెక్ట్) చేరుతున్నారా? 90 రోజులు ఆ ఈబుక్ ఇంకెక్కడా దొరకకూడదు, మీ బ్లాగులో ఉచితంగా సైతం.

ఈబుక్ అమ్మే వేదిక ఆమోదించే భాషల్లో తెలుగు ఉందా? ఫైలంతా సిద్ధం చేశాక తెలిస్తే శ్రమ వృథా.

ఫైలు యూనికోడ్‌లోనే, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే అక్షరాల పద్ధతిలోనే ఉండాలి. డాబాగార్డెన్స్ డీటీపీలో అచ్చు కోసం యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కొట్టించిన కథ ఫోనులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. మార్పించాక కూడా నమ్మేయకండి. చిన్న ఫోనులో తెరిచి ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో ఒత్తులు విడిపోయాయేమో వరుసగా చూడండి. పాఠకుడు మొదటి పేజీలోనే వదిలేసేది ఇక్కడే.

అట్టమీద బీచ్ రోడ్డు ఫొటో ఎవరిది? తీసినవారి అనుమతి రాతలో తీసుకోండి.

పాన్, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకటేనా? కలంపేరు అట్టమీదికే.